రాష్ట్రపతికి రాసిన రెండు కాగితాలు

మా గుడిలో ప్రతి ఆదివారం ప్రసంగానికి ముందు ఏలికల కోసం ఒక ప్రార్థన చేస్తారు. నా చిన్నప్పుడు అందులో నిజాం ప్రభువు ప్రస్తావన ఉండేది. పోలీసు చర్య జరిగిన వారం మా పాస్టరయ్య ఆ చోటికి వచ్చి ఆగిపోయాడు. వికారాబాదు స్టేషనులో మిలిటరీ రైలు నిలబడి ఉంది. బజారు మూసి ఉంది. పాస్టరయ్య కళ్ళు తెరవకుండానే గొంతు సవరించుకుని, "ప్రభువా, ఈ పూట మమ్మల్ని ఏలుతున్నది ఎవరో నీకే తెలియాలి. వాళ్ళకు మంచి బుద్ధి ఇవ్వు" అన్నాడు. ఆడవాళ్ళ వైపు ఎవరో కిసుక్కుమన్నారు. నేనే కావచ్చు, ఎందుకంటే అమ్మ నా తొడ మీద గిల్లిన నొప్పి ఇంకా గుర్తుంది.

తర్వాత కొంతకాలం మిలిటరీ గవర్నరు అన్నారు, ఆ తర్వాత మళ్ళీ నిజామునే రాజప్రముఖ్ అన్నారు. రాజ్యాంగం వచ్చాక వీళ్ళందరికీ ముందు 'భారత రాష్ట్రపతి' అన్న మాట వచ్చి చేరింది. మిగతా మాటలు వచ్చి పోయాయి గాని అది పోలేదు. గొంతు గట్టిదని ఆ ప్రార్థన చేసే పని పదిహేడో ఏట నాకు అప్పగించారు. ఎన్నడూ చూడని ఆ మనిషి కోసం నేను నిజంగానే ప్రార్థించేదాన్ని. పేరుకు కాదు.

చదువు అయ్యాక వికారాబాదులోనే మిషను బడిలో పంతులమ్మనయ్యాను. పెద్ద తరగతికి పౌరనీతి చెప్పేదాన్ని. రాష్ట్రపతి అధికారాల పాఠం వస్తే పిల్లల చేత బల్ల గుద్దినట్టు చెప్పించేదాన్ని. మూడు సైన్యాలకూ ఆయనే అధిపతి. ఆయన సంతకం లేనిదే ఏ బిల్లూ చట్టం కాదు. ప్రధానమంత్రిని, గవర్నర్లను, పెద్ద జడ్జీలను నియమించేది ఆయనే. చివరిది క్షమాభిక్ష. అన్ని కోర్టులూ ఉరి ఖాయం చేసిన తర్వాత కూడా ఆయన ఒక్క సంతకంతో ఆ మనిషిని బతికించగలడు. అక్కడికి వచ్చేసరికి నా గొంతు మారేది. దేవుడు చేసే పనిలో ఒక ముక్కను మనిషి చేతిలో పెట్టారు కదా అనిపించేది. ఆ ముక్క ఎంత బరువో నాకు అప్పటికి తెలియదు.

తాండూరు ప్రాంతం గుల్బర్గ జిల్లా నుంచి విడిపోయి మన రాష్ట్రంలో కలిసిన కొన్నాళ్ళకు, వానాకాలంలో ఒక మధ్యాహ్నం, బడి వరండాలోకి ఒక ముసలామె వచ్చింది. భుజం మీద తడిసిన గొంగడి. నేను ఆమెను గుర్తుపట్టాను. అంతకు రెండేళ్ళ క్రితం కోడలి కాన్పుకు మిషను ఆసుపత్రిలో ఉంది. శనివారాలు నేను అక్కడ మంచాల దగ్గర వాక్యం చదివి ప్రార్థన చేసేదాన్ని. వాళ్ళు గొర్లు కాచుకునేవాళ్ళు. తాండూరు దాటి దౌల్తాబాదు వైపు పోయే దారిలో వాళ్ళ ఊరు.

"పంతులమ్మా, నువ్వు ఇంగిలీసు రాస్తవు గద" అంది, నిలబడే.

"రాస్తాను అవ్వా. కూర్చో. ఏమైంది?"

"నా కొడుకుకు ఉరి పడ్డది బిడ్డా. పెద్ద పెద్ద కోర్టులన్ని అయిపోయినయి. ఢిల్లీల రాజు ఉన్నడంట, ఆయనకు కాయితం రాస్తే ఇడుస్తడంట. జేలర్ చెప్పిండు. ఏడు రోజులల్ల ఇయ్యాలంట. నాలుగు పోయినయి."

"వకీలు సాబు రాయడా?"

"ఆయన చెల్లె సచ్చిపోయిందంట, గుల్బర్గ పోయిండు. ఎన్నడొస్తడో ఎరుక లేదు."

ఆమె ఒక్కగానొక్క కొడుకు అతను. ఊరి పటేలు తమ్ముడి కంది చేనులో గొర్లు పడ్డాయని జగడం వచ్చింది. పటేలు తమ్ముడు చనిపోయాడు. చెట్ల మండలు నరికి గొర్లకు వేసే గొడ్డలితో పడింది దెబ్బ. ఒకటే దెబ్బ. ఆమె చెప్పింది అంతే. నేనూ అంతకంటే ఎక్కువ అడగలేదు. ఏడు రోజుల్లో మూడే మిగిలాయన్న సంగతే నా చెవిలో ఉంది.

పాస్టరయ్య జైలుకు ఉత్తరం ఇచ్చాడు, ఖైదీతో ప్రార్థన చేయడానికి పంపుతున్నట్టు. బయల్దేరేముందు నా తల మీద చెయ్యి పెట్టి, "ముందు అతని ఆత్మ సంగతి చూడు బిడ్డా. దేహం సంగతి తర్వాత" అన్నాడు. ఆ మాట నాకు ఎంతో సరిగ్గా తోచింది.

ఇక్కడ మా సంఘం పద్ధతి ఒకటి చెప్పాలి. బుధవారాలు సాక్ష్యాల కూడిక జరిగేది. తప్పు చేసినవాళ్ళు లేచి అందరి ముందు ఒప్పుకుంటారు. అందులో ఒక గట్టి కట్టడి ఉంది. సాకు చెప్పకూడదు. 'వాడు తిట్టాడు కాబట్టి కొట్టాను' అంటే పెద్దలు వెంటనే ఆపేస్తారు. 'ఎదుటివాడి సంగతి వదులు, నీ మనసు సంగతి చెప్పు' అంటారు. మనిషి చేత్తో చంపడానికి ముందే మనసులో చంపుతాడని, పాపాన్ని వేరు దగ్గరే పట్టుకోవాలని మాకు నేర్పారు. సాకులన్నీ ఊడ్చేసి, మిగిలిన ఆ నల్లటిదాన్ని బయట పెట్టినవాడికే క్షమాపణ. నేను అలాగే పెరిగాను. ఇంకో రకం క్షమాపణ ఉంటుందని నాకు తెలియదు.

పట్నంలో జైలు. ఉరి పడ్డవాళ్ళను వేరే గదుల్లో ఉంచుతారు. కటకటాలకు ఇవతల నాకు ఒక స్టూలు వేశారు, పక్కన వార్డరు నిలబడ్డాడు. అతనికి ముప్పై ఉంటాయేమో. కింద కూర్చుని గోడకు వీపు ఆనించి ఉన్నాడు. నన్ను చూసి లేచాడు.

"మా గొర్లు ఎవలు చూస్తున్నరు పంతులమ్మా? అవ్వ చెప్తలేదు."

"మీ మేనమామ చూస్తున్నాడట."

"వానికి గొర్రెకు మేకకు ఫరక్ తెల్వదు" అని నవ్వాడు. వార్డరు కూడా నవ్వాడు.

నేను కాగితం, కలం తీసి, రాష్ట్రపతికి రాయబోతున్నానని చెప్పాను. ఆ రోజు ఏం జరిగిందో చెప్పమన్నాను.

"ఆ పొద్దు ఒక గొర్రె ఈనింది పంతులమ్మా. తొలుసూరుది. దాని కాడ..."

నేను చెయ్యి ఎత్తాను. సరిగ్గా మా బుధవారం పెద్దల్లాగే ఎత్తాను.

"గొర్రె సంగతి, అతని సంగతి వద్దు. నీ మనసులో ఏముందో చెప్పు. అతని మీద నీకు ద్వేషం ఉందా?"

అతను నా ముఖంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఒప్పుకుంటే ఇడుస్తడా ఆయన?"

"ఒప్పుకోకుండా క్షమాపణ ఎట్లా వస్తుంది?"

"ఉండె" అన్నాడు.

"ఎప్పటి నుంచి? ఆ పొద్దుటి నుంచా?"

"ఆ... పొద్దుటి నుంచే."

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఒక ఆత్మ తెరుచుకుందనుకున్నాను. నాకు చేతనైన మంచి ఇంగ్లీషులో, ప్రార్థన రాసినట్టు, అతని నోటి మాటగా రాశాను. ఆ రోజు తెల్లవారింది మొదలు అతన్ని నాశనం చేయాలన్న ద్వేషం నా గుండెలో ఉండింది. నేను ఏ సాకూ చెప్పను. చేసినదంతా నాదే, పశ్చాత్తాపపడుతున్నాను, మీ దయ తప్ప నాకు దిక్కు లేదు. తెలుగులో చదివి వినిపించాను. అతను తల ఊపి బొటనవేలు ముందుకు చాపాడు. వార్డరు సిరా పెట్టె తెచ్చాడు. జైలు సూపరింటెండెంటు కాగితం తీసుకుని, మొదట గవర్నరుకు పోతుందని, ఆయన కాదంటే ఢిల్లీకి పోతుందని చెప్పాడు. నా దగ్గర నకలు ఒకటి ఉంచుకున్నాను, బాగా రాశానన్న గర్వంతో.

వానలు పోయాయి. కంది పూత పట్టింది. జవాబు లేదు. ముసలామె నెలకోసారి తాండూరు నుంచి ప్యాసింజరు రైల్లో వచ్చేది. ఒకసారి వచ్చి, ఊళ్ళోకి పోలీసులు వచ్చారని, అతని నడత ఎట్లాంటిదని పటేలునే అడిగిపోయారని చెప్పింది.

"ఎందుకు అడిగిండ్రు బిడ్డా? ఢిల్లీకి పటేలుతోని ఏం పని?"

నాకూ తెలియలేదు. నేను కాగితం రాసింది ఒక మనిషికి. ఆయన ఒక గదిలో దీపం ముందు కూర్చుని, కళ్ళద్దాలు తుడుచుకుని చదువుతాడని అనుకున్నాను. ఆ కాగితానికి కాళ్ళు వచ్చి, కచేరీ తర్వాత కచేరీ తిరిగి, చివరకు పటేలు గడప దాకా వస్తుందని అనుకోలేదు. ఆ రోజు మొదటిసారి నాకు భయం వేసింది. ప్రార్థన చేసుకుని దాన్ని పక్కకు నెట్టాను.

గవర్నరు కాదన్నాడన్న కబురు చలికాలంలో వచ్చింది. కాగితం ఢిల్లీ చేరింది. ఆ రోజుల్లోనే రాష్ట్రపతి పట్నం పక్కన బొల్లారం విడిదిలో కొన్నాళ్ళు ఉండడానికి వస్తున్నాడని ఊరంతా తెలిసింది. ముసలామె పట్టు పట్టింది.

"నేను పోయి ఆయన కాళ్ళ మీద పడత. నువ్వు నా ఎంబడి రా."

"లోపలికి పోనివ్వరు అవ్వా."

"బయటికి రాడా? నీళ్ళకన్న రాడా?"

నాకు నవ్వు వచ్చింది, ఆమెకూ వచ్చింది. ఆ తర్వాత ఇద్దరం పోయాము. రోడ్డు పక్కన తాళ్ళు కట్టారు. బడి పిల్లల చేతుల్లో కాగితం జెండాలు. పోలీసాయన ఆమె గొంగడి దులిపి చూసి, ఏమీ లేదని తెలుసుకుని నిలబడనిచ్చాడు. పొద్దెక్కాక కార్లు వచ్చాయి. నల్ల కారు వెనక సీటులో ఒక పెద్దమనిషి రెండు చేతులూ జోడించి ఇటొకసారి అటొకసారి నమస్కారం చేస్తూ పోయాడు. మా ముందుకు వచ్చినప్పుడు ఆ చేతులు మా వైపే ఉన్నాయి. కారు ఎంత మెల్లగా పోయిందంటే ఆయన గోళ్ళు కూడా కనిపించాయి. ముసలామె నోరు తెరిచింది. కారు పోయింది.

నేను ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఆమె ముఖం వెలిగిపోతూ ఉంది.

"సూసినవా బిడ్డా? నాకు దండం పెట్టిండు. గంత పెద్దాయన నాకు దండం పెట్టిండు. ఇంక నా కొడుకును ఏం చేయడు."

"అందరికీ పెట్టాడు అవ్వా."

"లేదు. నన్నే సూసిండు."

వాళ్ళ ఊళ్ళో పెద్దవాళ్ళు ఎదుటి మనిషికి చేతులు జోడించారంటే జగడం తీరిపోయినట్టే. ఆ తర్వాత ఇక మాట ఉండదు. రైల్లో దారి పొడుగునా పక్కవాళ్ళకు చెప్పింది. వికారాబాదులో నేను దిగుతుంటే కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుని, "నీ కాయితం మంచిది బిడ్డా" అంది. రైలు కదిలింది. ఆ మాట నాకు ఎందుకో నచ్చలేదు.

రెండు వారాల తర్వాత, గవర్నరు కాదన్న సంగతి తెలిసి, వకీలు సాబు నాకు కబురు పెట్టాడు. తాండూరులో ఆయన ఇంటికి పోయాను. గనుల నుంచి బండలు వేసుకుని ఎడ్లబండ్లు పోతుంటే వీధి అంతా తెల్లటి దుమ్ము. ఆయన పెద్దమనిషి, ముక్కోపి, మనసు మంచిది. నా నకలు చదివాడు. రెండోసారి చదివాడు. కాగితాన్ని బల్ల మీద బోర్లించాడు.

"ఇది నువ్వు రాసినవా?"

"అవునండీ."

"ఎవలు రాయమన్నరు గిట్ల?"

"ఎవరూ రాయమనలేదు. అతను ఒప్పుకున్నాడు."

"ఏం ఒప్పుకున్నడు!" అని ఆయన ఒక్కసారి లేచాడు. "పటేలు మనుషులు ముగ్గురు బోనెక్కి ఏం చెప్పిండ్రో ఎరుకేనా నీకు? వీడు పొద్దుగాల నుంచే చేను కాడ కాపు కాసి కూసున్నడని చెప్పిండ్రు. కాదు, అప్పటికప్పుడు పుట్టిన జగడం, కోపంల పడ్డ దెబ్బ అని నేను రెండేండ్లు మొత్తుకున్న. ఆ ఒక్క ముక్క మీద వాని ప్రాణం ఆగి ఉండె. కోర్టులు నా మాట నమ్మలే. ఢిల్లీల ఎవడన్న ఒకడు నమ్ముతడేమో అనుకున్న. నువ్వు పోయి, వాని వేలిముద్ర ఏయించి, పొద్దుటి నుంచే సంపాలనుకున్నడని రాసినవ్."

"చంపాలని రాయలేదండీ. ద్వేషం అని..."

"ఫైలుకు ఆ ఫరక్ తెలుస్తదా అమ్మా?"

బోర్లించిన ఆ కాగితాన్ని నా వైపు లాక్కున్నాను. అడిగాను. "రాష్ట్రపతి చదివి అర్థం చేసుకోడా? ఆయనకు అధికారం ఉంది కదా?"

ఆయన కోపం దిగింది. మెల్లగా చెప్పాడు. "ఉంది. ఫౌజులన్నిటికీ ఆయనే మాలిక్. ఆయన దస్కత్ లేకుంటే చట్టం పుట్టది. కాని ఆయన ఒక్కడే కూసుని ఏదీ చేయడు. మంత్రులు ఏం సలహా ఇస్తే దాని మీద దస్కత్ పెడతడు. మంత్రి కంటే ముందు కార్యదర్శి, ఆయన కంటే ముందు గుమస్తా. గుమస్తా నీ కాయితం తీసి, కోర్టు తీర్పు పక్కన పెట్టి, రెండు ఒకటే మాట చెప్తున్నయని పైన రాస్తడు. అయిపాయె."

నేను ఇన్నేళ్ళుగా ఎవరి కోసం ప్రార్థన చేశానో ఆ మనిషి ఎక్కడ కూర్చుంటాడో ఆ రోజు తెలిసింది. ఆయన సింహాసనం మీద లేడు. చాలా పొడుగాటి బల్లకు చిట్టచివర ఉన్నాడు. ఇవతలి చివర నేను ఉన్నాను.

"ఇంకొకటి పంపొచ్చు" అన్నాడు వకీలు సాబు. "కొత్త సంగతి ఉంటే చూస్తరు. పోయి వాన్ని అడుగు, ఈసారి నోరు మూసుకుని విను."

మళ్ళీ అదే స్టూలు, అదే వార్డరు. అతను బాగా చిక్కిపోయాడు. నేను ప్రార్థన చేయలేదు. నేరుగా అడిగాను.

"ఆ పొద్దున నిజంగా అతని మీద నీ మనసులో ద్వేషం ఉందా?"

"ఏమో పంతులమ్మా. ఆయన నాకు యాదికే లేడు. గొర్రె ఈనుతుంటే దాని కాడ ఉన్న. పిల్ల అడ్డం తిరిగింది. చెయ్యి పెట్టి తీసిన. గా ఫికర్ల మంద ఎటు పోయిందో చూడలే. కంది చేన్ల పడ్డయి. ఆయన వచ్చి మందను బందెలదొడ్డికి కొట్టుకపోతున్నడు. పిల్ల ఇంకా లేచి నిలవలే, తల్లి దాన్ని నాకుతున్నది. ఆయన రెంటినీ తన్నిండు. పిల్ల సచ్చింది. నా చేతుల గొడ్డలి ఉండె." అతను తన అరచేతులు చూసుకున్నాడు. "ఇంక నేను యాడికి పోలే. ఆడనే కూసున్న."

"మరి ద్వేషం ఉందని నాతో ఎందుకన్నావు?"

అతను సిగ్గుపడ్డట్టు తల వంచాడు.

"నువ్వు అడిగినవ్ గద. లేదు అంటే నీకు కోపమొస్తదేమో అనుకున్న. ఉండె అన్నంక నీ ముఖం నిమ్మళమైంది. మా కోసం అంత దూరం నుంచి వచ్చినవ్, నీ మాట ఎందుకు తీసెయ్యాలె?"

వార్డరు ముఖం అటు తిప్పుకున్నాడు.

రెండో కాగితం వకీలు సాబు బల్ల మీదే రాశాను. గొర్రె ఈనిన సంగతి, అడ్డం తిరిగిన పిల్ల, తన్ను, దెబ్బ, పారిపోకుండా కూర్చోవడం. అతని మనసులో ముందు నుంచి ద్వేషం లేదనీ రాశాను. కింద ఇంకో మాట కలిపాను. మొదటి కాగితంలోని మాటలు ఖైదీవి కావు, నావి. నేను అడిగి అనిపించాను. నా పేరు, నా ఊరు, నా పని రాసి సంతకం చేశాను. పంపేముందు పాస్టరయ్యకు చూపించాను. ఆయన చదివి, ద్వేషం అన్న మాట మీద వేలు పెట్టాడు.

"ద్వేషం లేదని నువ్వెట్లా రాస్తావు బిడ్డా? మనిషి మనసు దేవుడికే ఎరుక."

"మరి ఉందని ఎట్లా రాశానయ్యా?"

ఆయన కాగితం మడిచి నా చేతికి ఇచ్చాడు. దేహం సంగతి తర్వాత అన్నది తనేనని ఆయనకు గుర్తొచ్చి ఉంటుంది. ఇద్దరం దాని గురించి మళ్ళీ ఎన్నడూ మాట్లాడుకోలేదు.

రిజిస్టరు పోస్టులో పంపాము. అందినట్టు కార్డు వెనక్కి వచ్చింది. దాని మీద ఒక గుండ్రటి ముద్ర. ఆ కార్డును నేను నా వాక్యపు పుస్తకంలో పెట్టుకుని రోజూ తీసి చూసేదాన్ని. బడిలో ఆ నెల మళ్ళీ అదే పాఠం వచ్చింది. పిల్లలు అధికారాలు వరసగా చెప్పుకుంటూ వచ్చి చివరిదాని దగ్గర గొంతు పెంచారు. నేనే అట్లా నేర్పాను. ఆపమని చెప్పలేక సుద్దముక్క కోసం వెతుకుతున్నట్టు బల్ల అరలోకి వంగాను.

ఎండలు ముదిరాక జవాబు వచ్చింది. ఒకే వాక్యం. రెండు అర్జీలనూ జాగ్రత్తగా పరిశీలించిన మీదట రాష్ట్రపతి వాటిని తిరస్కరించారు. రెండు అన్నారు. రెండూ చదివారు. ఏది మొదట చదివారో, ఏది నమ్మారో, రెండోది మాత్రమే పోయి ఉంటే ఏమయ్యేదో ఆ వాక్యంలో లేదు. వకీలు సాబు ఆ కాగితం పట్టుకుని, "నీ వల్లే అని నేను అనను. కాదు అని కూడ అనలేను" అన్నాడు. అంత నిజాయితీగా ఎవరూ నాతో మాట్లాడలేదు.

చివరి ములాఖత్‌కు ముసలామెతో నేనూ పోయాను. ఆమె జొన్నరొట్టె తెచ్చింది, లోపలికి పోనివ్వలేదు. తల్లీ కొడుకూ కన్నడంలో మాట్లాడుకున్నారు. ఇంట్లో వాళ్ళ మాట అదేనట, నాకు అప్పటిదాకా తెలియదు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మధ్యలో అతను ఒకసారి నా వైపు చూసి ఏదో అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. అతను మళ్ళీ అన్నాడు, ఈసారి గట్టిగా. వెళ్ళేముందు అతను తెలుగులో నాతో అన్నది ఒకటే. "పంతులమ్మా, గా తొలుసూరు గొర్రెను అమ్మొద్దని మామకు చెప్పుండ్రి."

అది చెప్పాము. అతను పోయాడు. అంతకు మించి ఆ వారం గురించి నేను రాయను.

నెల తర్వాత ముసలామె బడికి వచ్చింది. వరండాలో కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చాను. ఆమె చెంబు పక్కన పెట్టుకుంది.

"ఆయనకు మన కాయితం ముట్టలేదు బిడ్డా" అంది. "ముట్టి ఉంటే గట్ల చేయకపోవు. నాకు దండం పెట్టినోడు. నడుమ ఎవడో ఆపిండు."

నేను అవును అని ఊరుకోవచ్చు. ఆమెకు అది చాలు. బుధవారం కూడికల్లో అన్నేళ్ళు లేచి నిలబడి, కోపం వచ్చిందని, అబద్ధం ఆడానని, చిన్న చిన్నవి ఒప్పుకున్నాను. ఒప్పుకోవడం ఎట్లా ఉంటుందో నాకు తెలియదని ఆ వరండాలో తెలిసింది.

"ముట్టింది అవ్వా. ఆపింది ఎవరో కాదు."

అంతా చెప్పాను. గొర్రె ఈనిందని అతను చెప్పబోతే చెయ్యి ఎత్తి ఆపింది, ద్వేషం ఉందా అని అడిగింది, పొద్దుటి నుంచా అని నేనే నోటికి అందించింది, అది పటేలు మనుషుల సాక్ష్యంతో కలిసిపోయింది. సాకు చెప్పలేదు. పాస్టరయ్య మాట కూడా చెప్పలేదు. చివర, నన్ను క్షమించమని అడిగాను.

ఆమె వింటున్నంతసేపూ నేల మీద గీతలు చూస్తూ ఉంది. అయిపోయాక తల ఎత్తింది.

"ఈ సంగతి వాడు జేల్ల చెప్పిండు నాకు. పంతులమ్మను ఏమనకు అన్నడు. నేను వాన్ని నమ్మలే. నిన్ను ఎనకేసుకొచ్చిన."

నేను చెంబు ఆమె వైపు జరిపాను.

"ఏమనకు అన్నడు గనక ఏమన" అంది ఆమె. "కాని నువ్వు అడిగింది నేను ఇప్పుడు ఇయ్యలేను బిడ్డా. సూస్త."

గొంగడి భుజాన వేసుకుని లేచింది. చెంబులో నీళ్ళు అట్లాగే ఉన్నాయి. బడి గేటు దాటి స్టేషను వైపు నడిచింది. నేను వెంట పోలేదు.

తర్వాత ఆమెను ఒక్కసారే చూశాను. చాలా ఏళ్ళ తర్వాత. అప్పటికి రాష్ట్రపతి భవనంలోకి ఇంకొకరు వచ్చారు. తాండూరు స్టేషనులో నేను వికారాబాదు రైలు కోసం నిలబడి ఉన్నాను. ఆమె ఎదుటి ప్లాట్‌ఫారం మీద మనవరాలితో కూర్చుని ఉంది. నన్ను చూసింది. పోల్చుకుంది కూడా. నేను పట్టాలు దాటి పోదామని అడుగు వేశాను. ఆమె చెయ్యి ఎత్తింది, రావద్దన్నట్టు. నా చెయ్యి జైల్లో ఎట్లా లేచిందో ఆమె చెయ్యి అట్లాగే లేచింది. ఇంతలో గూడ్సు బండి అడ్డం వచ్చింది. బండల వ్యాగన్లు, ఒకదాని వెనక ఒకటి. అది పోయేసరికి ఆమె రైలు ఎక్కి ఉంది.

ఏలికల కోసం ప్రార్థన ఇప్పటికీ నేనే చేస్తాను. రాష్ట్రపతి అన్న మాట దగ్గర ఆగను. ఆ పెద్ద బల్ల చివర కూర్చున్న మనిషికి మేం పంపే కాగితాల్లో నిజం ఉండేటట్టు చూడమని మాత్రం ఒక మాట కలిపాను. అది ఎందుకని ఎవరూ అడగలేదు. నా అర్జీ మాత్రం ఢిల్లీలో లేదు. దౌల్తాబాదు దారిలో, గొర్ల దొడ్డి పక్కన ఒక ఇంట్లో ఉంది. సూస్త అంది ఆమె. ఇంకా ఏ మాటా రాలేదు.